తెర కోసం వేచిన స్వరాలు

మన దేశంలో చలనచిత్రం నోరు విప్పిన రోజునే పాట అందుకుంది. 1931లో విడుదలైన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో ఏడు పాటలు ఉన్నాయి. మరుసటి ఏడు వచ్చిన మన 'భక్తప్రహ్లాద' కూడా పాటలతో, పద్యాలతో నిండినదే. ఆనాటి నుంచి పెళ్ళి పందిరి మొదలుకొని క్షౌరశాల వరకు సినిమా పాట వినిపించని చోటు లేదు. పాటను ఇంతగా నమ్ముకున్న వెండితెర, ఆ పాటకు ప్రాణం పోసిన మనుషుల కథలను మాత్రం అరుదుగానే చెప్పింది. ఈ నెల మన శీర్షికలో ఆ లోటును గురించి ముచ్చటించుకుందాము.

అసలే రాలేదని మేము అనడం లేదు. చిత్తూరు నాగయ్యగారు 1946లో 'త్యాగయ్య'ను తామే నిర్మించి, దర్శకత్వం వహించి, ఆ పాత్రలో జీవించారు. 1952లో వచ్చిన 'బైజూ బావ్రా' తాన్‌సేన్ కాలాన్ని కళ్ళకు కట్టింది. 1968 నాటి తమిళ చిత్రం 'తిల్లానా మోహనాంబాళ్' ఒక నాదస్వర విద్వాంసుణ్ణి కథానాయకుణ్ణి చేసింది. 1977లో కన్నడ చిత్రం 'సనాది అప్పణ్ణ' కోసం బిస్మిల్లా ఖాన్ గారే షెహనాయి వాయించారు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1988లో తుపాకి గుండ్లకు బలైన పంజాబీ గాయకుడు అమర్ సింగ్ చమ్కీలా జీవితం 2024లో చిత్రమైంది.

ఇవన్నీ ఆదరణ పొందినవే. అయితే వీటిలో చాలావాటికి మూస ఒకటే. ఒక మహా విద్వాంసుడు ఉంటాడు, అతనికొక పట్టుదల ఉంటుంది, ఒక అవమానం జరుగుతుంది, చివరకు చప్పట్లో కన్నీళ్ళో మిగులుతాయి. సంగీతం ఒక్కరి గొంతులోనో ఒక్కరి వేళ్ళలోనో పుట్టి అక్కడే ముగిసిపోదు. దానికి ఒక ఊరు కావాలి, ఒక పాఠశాల కావాలి, పోషించేవారు కావాలి, పక్కన కూర్చుని శ్రుతి వేసేవారు కావాలి. ఆ ఊళ్ళ కథలు, ఆ బృందాల కథలు తెరకు ఇంకా బాకీగానే ఉన్నాయి.

ఎవరి కథ చిత్రం కాదగినది? మేము మూడు కొలతలు పెట్టుకున్నాము. ఆ కథలో ఎవరో ఒకరు దేనినో పణంగా పెట్టి ఉండాలి. వారు చేసిన పని చెవికే కాక కంటికి కూడా కనిపించేదై ఉండాలి. ఇప్పుడు చిత్రించకపోతే ఆ కాలపు జ్ఞాపకం చెదిరిపోయే ప్రమాదం ఉండాలి. జీవితమంతా సాఫీగా సాగిన విద్వాంసుణ్ణి సన్మాన సభలో గౌరవించుకోవచ్చు. ఈ మూడు కొలతలకూ తూగిన అయిదు కథలను పాఠక మహాశయుల ముందు ఉంచుతున్నాము.

విజయనగరం గాన కళాశాల

మొదటి కథ మన తెలుగు నేల మీదిదే. 1919లో విజయనగర సంస్థానాధీశుల పోషణలో అక్కడ ఒక సంగీత కళాశాల వెలసింది. చూపు లేని ఒక బాలునికి సంగీతం నేర్పించాలన్న తలంపు నుంచి అది పుట్టిందని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. దానికి తొలి అధ్యక్షులు హరికథా పితామహులుగా పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు. కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు, నోట సంస్కృతాంధ్రాలు, గొంతులో సింహగర్జన! అటువంటి మనిషి ఒక విద్యాసంస్థకు ప్రధానాచార్యులు కావడమే ఒక సినిమా దృశ్యం.

ఆ సంవత్సరమే ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కళాశాల గడప తొక్కారు. ఆయనకు బాల్యం నుంచి కంటిచూపు మందము. బడి చదువు అందువల్లనే ఆగిపోయింది. ఆ ఇరవై ఆరేళ్ళ యువకుడు విద్యార్థిగా చేరుదామని వచ్చాడనీ, ఆయన వాదన విన్న పెద్దలు వయొలిన్ ఆచార్య పదవినే ఇచ్చారనీ ప్రసిద్ధి. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే అధ్యక్షులయ్యారు. గాత్రానికి పక్కవాద్యంగా మాత్రమే చెల్లుబాటయ్యే వయొలిన్‌ను వేదిక నడుమ కూర్చోబెట్టి ఏకవాద్య కచేరీలు చేసి మెప్పించిన ఘనత ఆయనది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి గౌరవం అందించింది.

అయితే మేము చూడదలచిన చిత్రానికి నాయకుడు నాయుడుగారు ఒక్కరే కారు. కృష్ణాజిల్లా నుంచి ఒంటరిగా వచ్చి, జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరంతో కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద సంగీతం అభ్యసించిన ఘంటసాల అనే కుర్రవాడు కూడా నాయకుడే. అన్నం పెట్టిన విజయనగరం ఇల్లాళ్ళు నాయికలే. ఆ కళాశాలలోనే నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన సత్యనారాయణ, పి. సుశీల వంటివారు చదువుకున్నారు. మనం రేడియోలో విన్న ఎన్ని గొంతుకలు ఆ ఒక్క ప్రాంగణం దాటి వచ్చాయో లెక్క వేసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక ఊరు ఒక పిల్లవాడికి పూటకొక ముద్ద పెట్టడం వల్ల ఒక జాతికి ఒక గొంతు దక్కింది. ఇంతకు మించిన కథావస్తువు ఏ రచయిత కల్పించగలడు?

మైహర్ అనాథల వాద్యబృందం

రెండవ కథ వింధ్య ప్రాంతానిది. నేడు మధ్యప్రదేశ్‌లో ఉన్న మైహర్ పేరు చెప్పగానే సిమెంటు పరిశ్రమతో పరిచయమున్నవారికి కర్మాగారాలు, భక్తులకు కొండ మీద శారదాదేవి ఆలయం గుర్తుకు వస్తాయి. సంగీతజ్ఞులకు మాత్రం అది ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ గారి ఊరు.

ఆయన పుట్టింది నేటి బంగ్లాదేశ్‌లోని శిబ్‌పూర్ గ్రామంలో. సంగీతం మీది మమకారంతో బాల్యంలోనే ఇల్లు విడిచి కలకత్తా చేరారు. అక్కడ గాత్రం నేర్చారు, గోవా నుంచి వచ్చిన ఒక బ్యాండు మాస్టరు వద్ద వయొలిన్ నేర్చారు, నాటకశాలల వాద్యబృందాలలో వాయించి పొట్ట పోసుకున్నారు. రాంపూర్ ఆస్థానంలోని వీణా విద్వాంసులు వజీర్ ఖాన్ గారి శిష్యరికం కోసం పడిగాపులు కాసి, చివరకు నవాబుగారి బండికి అడ్డం పడ్డారని చెబుతారు. అంత కష్టపడి సంపాదించిన విద్యతో ఆయన మైహర్ రాజు బ్రిజ్‌నాథ్ సింగ్ కొలువులో చేరారు.

1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి దేశాన్ని చుట్టుముట్టింది. ఒక్క మన దేశంలోనే కోటికి పైగా ప్రజలు మరణించారు. మైహర్ వీధులలో తల్లిదండ్రులు లేని పిల్లలు మిగిలారు. ఆ పిల్లలను చేరదీసి వాద్యాలు నేర్పించి బృందంగా తీర్చిదిద్దే పనిని ఖాన్ గారు తలకెత్తుకున్నారు. అదే మైహర్ బ్యాండ్. సితార్, సరోద్, ఇస్రాజ్, వయొలిన్, చెల్లో, హార్మోనియం, తబలా కలిసి హిందుస్తానీ రాగాలను పలికించిన బృందం అది. అక్షరం రాని పిల్లలకు ఆయన స్వరాలను వినిపించి కంఠస్థం చేయించారు. సంస్థానంలో పడి ఉన్న పాత తుపాకి గొట్టాలను రకరకాల పొడవులకు కోయించి, శ్రుతి చేసి, 'నల్‌తరంగ్' అనే వాద్యాన్ని తయారు చేశారు. ప్రాణాలు తీయడానికి పోత పోసిన ఇనుము, అనాథ బాలుని చేతిలో రాగం పలికింది.

ఈ దృశ్యాన్ని ఊహించుకున్న ప్రతిసారీ, కెమెరా పట్టిన దర్శకులు ఇంతకాలం ఎటు చూస్తున్నారా అని మాకు అనిపిస్తుంది. ఋత్విక్ ఘటక్ 1963లో ఖాన్ గారిపై డాక్యుమెంటరీ తీశారు. అది గురువును చూపించే చిత్రం. మేము అడుగుతున్నది ఆ పిల్లల కథాచిత్రం. తల్లి పోయిన నెలలోనే ఒక బాలుడు మొట్టమొదటిసారి సితార్ తీగ మీద వేలు పెట్టినప్పుడు అతనికి ఏమి తోచింది? పెద్దవాడై, సంస్థానాలు పోయి, రాజపోషణ ఆగి, ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చిన బృందంలో అతడు ఏమయ్యాడు?

ఖాన్ గారిని దేవుణ్ణి చేసి చూపించడం మాత్రం పొరపాటు అవుతుంది. ఆయన కోపిష్ఠి. శిష్యులను చేయి చేసుకునేవారని అందరికీ తెలిసినదే. ఐదు పూటలా నమాజు చేస్తూ శారదామాతకు కూడా మొక్కేవారు. పెద్ద కుమార్తె సంగీతం వల్ల అత్తవారింట బాధలు పడి మరణించగా, చిన్న కుమార్తెకు విద్య చెప్పరాదని నిశ్చయించుకున్నారట. ఆ చిన్నపిల్ల ఒకనాడు అన్న అలీ అక్బర్ తప్పు వాయిస్తుండగా దిద్దుతూ ఉంటే విని, ఆ నిశ్చయం మార్చుకున్నారంటారు. ఆమె అన్నపూర్ణాదేవి. 1950లలోనే కచేరీ వేదికకు దూరమై, బొంబాయిలో ఒక గది నుంచి హరిప్రసాద్ చౌరాసియా వంటి శిష్యులను తీర్చిదిద్ది, 2018లో కన్నుమూశారు. పండిత్ రవిశంకర్, నిఖిల్ బెనర్జీ, పన్నాలాల్ ఘోష్ అదే వాకిట విద్యార్థులు. మహా విద్వాంసుల పక్కనే, పేరు లేని ఆ అనాథలు కూడా అదే గురువు ముందు కూర్చున్నారు. చిత్రం ఆ రెండు వరుసలనూ కలిపి చూపగలిగితే ధన్యమవుతుంది.

నగలు అమ్మి గుడి కట్టిన నాగరత్నమ్మ

మూడవ కథకు నాయిక బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో జన్మించారు. సంస్కృతం, తెలుగు, కన్నడం చదువుకున్నారు. మద్రాసులో గాయనిగా స్థిరపడి విశేషంగా ఆర్జించారు. ఆమె జీవితంలో రెండు యుద్ధాలు ఉన్నాయి. రెండింటికీ తెలుగు భాషతో సంబంధం ఉంది.

మొదటిది ఒక గ్రంథం కోసం. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికాసాంత్వనము' అనే శృంగార కావ్యం రచించింది. తరువాతి కాలంలో వెలువడిన ప్రతిలో కవయిత్రి వంశ విశేషాలు, కొన్ని పద్యాలు తొలగిపోయాయి. నాగరత్నమ్మగారు మూల ప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటింపజేశారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు ఆ కావ్యాన్ని అసభ్యమని నిరసించి ఉండగా, స్త్రీ వ్రాసినందువల్లనే శృంగారం తప్పయిందా అని ఆమె ధైర్యంగా నిలదీశారు. ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. మూడున్నర దశాబ్దాలు ఒక పుస్తకం చెరలో ఉందన్నమాట.

రెండవది ఒక సమాధి కోసం. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామివారి సమాధి పాడుబడి ఉందని 1921లో ఆమె గురువుగారు బిడారం కృష్ణప్ప ద్వారా తెలియవచ్చింది. ఆమె అక్కడికి వెళ్ళి, స్థలం సంపాదించి, తన ఆస్తిని, నగలను ధారపోసి మందిరం కట్టించారు. విచిత్రమేమంటే, ఆ కాలంలో ఆరాధనలో ఆడవారికి పాడే హక్కు లేదు. తన సొమ్ముతో లేచిన మందిరం ముందు తనకే పాడే వీలు లేకపోయింది. ఆమె రచ్చకెక్కి కూర్చోలేదు. 1927లో స్త్రీలతో వేరొక బృందం ఏర్పరచి, మందిరానికి వెనుకవైపున వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో బృందాలన్నీ ఏకమైన తరువాత స్త్రీలు కూడా ఆ ఉత్సవంలో పాడగలిగారు.

1952లో ఆమె మరణించారు. ఆమె సమాధి త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే ఉంది. నేడు ప్రతి పుష్య బహుళ పంచమికి పంచరత్న కీర్తనలు పాడే వందలాది గాయనులలో ఎందరు ఆ వైపు తిరిగి నమస్కరిస్తున్నారో చెప్పలేము. ఈ కథను తీసే దర్శకుడు ఆమెను భక్తురాలిగా మాత్రమే చూపి, తొలి యుద్ధాన్ని దాటవేస్తే అన్యాయం చేసినవాడవుతాడు. రాధికాసాంత్వనాన్ని వెలికి తీసిన చేయే త్యాగరాజ మందిరానికి పునాది రాయి వేసింది. ఆ రెంటినీ ఒకే స్త్రీలో ఇముడ్చుకోవడానికి మన సమాజం ఇబ్బంది పడింది. ఆ ఇబ్బందే చిత్రానికి ప్రాణం.

కరవది నుంచి శ్రీరంగం

నాలుగవ కథ క్లుప్తమైనా మధురమైనది. ఒంగోలు సమీపాన కరవది అనే గ్రామం ఉంది. తరతరాలుగా నాదస్వరం ఊదే ముస్లిం కుటుంబాలకు ఆ ప్రాంతం, చిలకలూరిపేట ప్రాంతం నిలయాలు. దేవుని పెళ్ళికి, మన ఇంటి పెళ్ళికి మంగళవాద్యం మోగించినవారు వారే. ఆ గ్రామంలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు తండ్రివద్ద, తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారివద్ద విద్య నేర్చారు. రాజరత్నం పిళ్ళైగారి తంజావూరు బాణీకి ముగ్ధులై, పేరు వచ్చిన తరువాత కూడా తమిళదేశం వెళ్ళి మళ్ళీ శిష్యునిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథస్వామి సన్నిధిలో నాదస్వరం సమర్పించుకున్నారు. అక్కడే నాదస్వర పాఠశాల నెలకొల్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి గౌరవాలు పొంది, 1999లో శ్రీరంగంలోనే పరమపదించారు.

ఈ కథలో అరుపులు, కేకలు ఉండవు. తెల్లవారుజామున గోపురం కింద ఒక వృద్ధుడు వాద్యానికి పీకె అమర్చుకుంటాడు. తలుపులు తెరుచుకుంటాయి. భూపాలం మొదలవుతుంది. మతాల గురించి ఉపన్యాసం చెప్పనవసరం లేదు. ఆ ఊపిరి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతోందో కెమెరా చూపిస్తే చాలు. ఆ సంప్రదాయానికి చెందిన షేక్ మహబూబ్ సుభాని, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. అయినా పెళ్ళి పందిళ్ళలో నాదస్వరం స్థానాన్ని సౌండ్ బాక్సులు ఆక్రమిస్తున్న ఈ రోజులలో, కొత్తగా వాద్యం పట్టే పిల్లల సంఖ్య పెరగాలంటే చిత్రం చేయగల మేలు తక్కువది కాదు.

పేరు లేని వాద్యకారులు

అయిదవ కథను చివరకు ఉంచడానికి కారణం ఉంది. ఇది మన వంటి ఉద్యోగులకు అందరికంటె దగ్గరైనది.

పోర్చుగీసువారి పాలనలో ఉన్న గోవాలో చర్చి పాఠశాలలు పిల్లలకు ప్రార్థనతోపాటు స్వరలిపి చదవడం, వయొలిన్ వాయించడం నేర్పేవి. వ్యవసాయం చాలని కుటుంబాల యువకులు ఆ విద్యతోనే బొంబాయి, కలకత్తా, కరాచీ, లాహోరు నగరాలకు వలస వచ్చారు. హోటళ్ళలో, క్లబ్బులలో జాజ్ సంగీతం వాయించారు. 1949 నాటి చట్టంతో బొంబాయిలో మద్యనిషేధం బిగిసి, రాత్రి క్లబ్బుల బేరాలు తగ్గాయి. వాద్యకారులు సినిమా స్టూడియోల వైపు నడిచారు.

అక్కడ వారి అవసరం ఎంతో ఉంది. సంగీత దర్శకుడు బాణీ కూని రాగంగా పాడి వినిపిస్తాడు. నలభై యాభై మంది కలిసి వాయించాలంటే, ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎవరు ఎప్పుడు ఆపాలో కాగితం మీద ఉండాలి. ఆ పనిని అరేంజర్లు చేసేవారు. పల్లవికీ చరణానికీ నడుమ వయొలిన్లు అలలుగా లేచే చోటు, ట్రంపెట్ ఒక్కసారి మెరిసే చోటు చాలాసార్లు వారి ఊహలోనివే. విభజనకు ముందు లాహోరు హోటల్లో బ్యాండు నడిపిన సెబాస్టియన్ డిసౌజా, బొంబాయి వచ్చి శంకర్-జైకిషన్ పాటలకు సంవత్సరాల తరబడి ఆ పని చేశారు. చిక్ చాకొలెట్ అనే ముద్దుపేరుతో ప్రసిద్ధుడైన ట్రంపెట్ వాద్యకారుడు 1951 నాటి 'అల్‌బేలా'కు సి. రామచంద్రతో కలిసి పనిచేసి, తన బృందంతో ఆ చిత్రంలో కనిపించారు కూడా. 1967లో ఆయన మరణించేనాటికి వయస్సు అయిదు పదులు దాటినదంతే.

ఆంథోనీ గోన్సాల్వెస్ గారిది మరొక విధమైన కథ. గోవాలోని మజోర్దా గ్రామస్థులు. స్టూడియోలలో వయొలిన్ వాయిస్తూనే, హిందుస్తానీ రాగాలను పాశ్చాత్య వాద్యగోష్ఠికి అనువుగా మలచాలని కలలు కన్నారు. 1958లో స్వయంగా ఒక సింఫనీ ఆర్కెస్ట్రాను సమకూర్చి, లతా మంగేష్కర్, మన్నాడే వంటివారితో బొంబాయిలో కచేరీ చేయించారు. 1960లలో అమెరికా వెళ్ళిపోయారు. తిరిగివచ్చి గోవాలోని సొంత ఊళ్ళో నిశ్శబ్దంగా జీవించారు. ఆయనవద్ద వయొలిన్ నేర్చిన ప్యారేలాల్, 1977లో 'అమర్ అక్బర్ ఆంథోనీ' చిత్రంలోని ఒక హాస్యగీతంలో గురువుగారి పేరు వచ్చేటట్లు చేశారు. దేశమంతా ఆ పేరు పాడుకుంది. ఆ పేరుగల మనిషి ఒకరు నిజంగా ఉన్నారని మాత్రం కొద్దిమందికే తెలుసు. 2012లో ఆయన కన్నుమూశారు.

ఆనాటి రికార్డింగు పద్ధతిని గుర్తు చేసుకోవాలి. గాయని, కోరస్, వాద్యకారులు అందరూ ఒకేసారి వాయించాలి. నాలుగు నిమిషాల పాటలో మూడున్నర నిమిషాల వద్ద ఒక్క వేలు జారితే పాట మొదటి నుంచి మళ్ళీ. ఒకరి పొరపాటు అందరి శ్రమను వృథా చేస్తుంది, అందరి ఏకాగ్రత ఒక్కరి గొంతును వెలిగిస్తుంది. పాట పూర్తి కాగానే రోజువారీ కూలి తీసుకుని లోకల్ రైలెక్కేవారు. చిత్రం విడుదలైనప్పుడు తెర మీద సంగీత దర్శకుని పేరు ఉంటుంది, గాయకుల పేర్లు ఉంటాయి. ఆ వయొలిన్ వరుసలోనివారి పేర్లు ఎక్కడా ఉండవు. సింథసైజర్లు, పలు ట్రాకుల రికార్డింగు వచ్చిన తరువాత ఆ వరుసలే మాయమయ్యాయి. బొంబాయిలో జరిగినదే మద్రాసు కోడంబాకంలో మన తెలుగు పాటలకు వాయించినవారి విషయంలోనూ జరిగింది.

మూడు షిఫ్టులలో నడిచే కర్మాగారంలో పనిచేసేవారికి ఈ బాధను విడమరచి చెప్పనక్కరలేదు. ఉత్పత్తి లెక్కలు పత్రికలలో వస్తాయి. ఆ రాత్రి కొలిమి ఆరిపోకుండా కాచిన చేతుల పేరు మస్టరు రోలులో మాత్రమే ఉంటుంది. ఆ చేతులకు అసంతృప్తి లేకపోవచ్చు. పని బాగా జరిగిందన్న తృప్తి వారికి చాలు. చూసేవారికి ఆ తృప్తి చాలరాదు.

గోవాకు చెందిన క్రిస్ పెర్రీ, లోర్నాల జీవితాల స్ఫూర్తితో వచ్చిన కొంకణీ చిత్రం 'నాచొం-యా కుంపాసార్' 2014 సంవత్సరానికి ఉత్తమ కొంకణీ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. ఆ వాద్యకారుల లోకం తెర మీద ఎంత అందంగా ఒదుగుతుందో అది నిరూపించింది. అయితే అది ప్రధానంగా ఒక జంట కథ. స్టూడియో హాలులోని యాభై మంది కథ ఇంకా మిగిలే ఉంది.

ఎవరైనా నిర్మాత మా వద్దకు వచ్చి, ఈ అయిదింటిలో ఒక్కదానికే డబ్బు పెడతాను, ఏది తీయమంటారు అని అడిగితే, మేము తడుముకోకుండా ఈ అయిదవదానిని ఎంచుతాము. నారాయణదాసుగారికి, నాయుడుగారికి, అల్లాఉద్దీన్ ఖాన్ గారికి, నాగరత్నమ్మగారికి, మౌలానాగారికి పుస్తకాలు ఉన్నాయి, సంస్థలు ఉన్నాయి, శిష్యులు ఉన్నారు. ఆలస్యమైనా వారి కథలు నిలుస్తాయి. స్టూడియో వాద్యకారుల కథ వారి ఇళ్ళలోని పాత పెట్టెలలో, పసుపు పచ్చబడిన స్వరలిపి కాగితాలలో, వృద్ధాప్యంలో ఉన్న కొద్దిమంది జ్ఞాపకాలలో మాత్రమే ఉంది. అది మరొక పాతికేళ్ళు ఆగగలిగేది కాదు.

సినిమా తీయడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మరొకటి ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు నివసించే మన టౌన్‌షిప్పులలో, ఒకప్పుడు ఆర్కెస్ట్రాలలో వాయించినవారు, హరికథలు చెప్పిన తాతగార్లు, సన్నాయి మేళంలో డోలు కొట్టిన పెద్దలు, పురోహితునికంటె ముందు మంగళహారతి అందుకునే అమ్మమ్మలు ఎందరో ఉన్నారు. ప్రతి ఇంటిలోనూ ఇప్పుడు ఫోనులోనే రికార్డు చేసే సౌకర్యం ఉంది. ఈ సెలవులలో పిల్లలు వారి ఎదుట కూర్చుని, ఎవరివద్ద నేర్చారు, ఎంత ఇచ్చేవారు, పక్కన ఎవరు వాయించేవారు అని అడిగి భద్రపరచాలని మా విన్నపం. పక్కన ఎవరు వాయించేవారన్న ప్రశ్నను మాత్రం మరచిపోవద్దు. అలా సేకరించిన వివరాలను మన పత్రికకు పంపితే, వచ్చే సంచికలలో ఈ శీర్షిక కింద వారి పేర్లతో సహా ప్రచురించగలము.